నడిమి వరస

మేస్త్రమ్మ తన మొగుడికి పని చెప్పాలంటే ముందు "ఏమండీ" అనాలి. పరంజా మీద నిలబడి, ఒక చేత్తో రసమట్టం పట్టుకుని, "ఏమండీ, ఆ ప్యానెల్ కాస్త పైకెత్తండి, మూల తగులుతోందండీ" అని ఆర్డరు వేసే మేస్త్రీని ఆ ఆఫీసు లాబీలో అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే అమ్మాయికి మొదటి రోజంతా నవ్వు ఆగలేదు. రెండో రోజు తనే దగ్గరికొచ్చి అడిగింది.

"మేస్త్రీలంటే ఒరేయ్ తరేయ్ అంటారు కదా. మీరేంటండీ, ఇంత మర్యాద?"

"అటు చూడు, మా తమ్ముణ్ణి ఒరేయ్ అనే అంటున్నా. రెండూ కలిపి సగం చేసుకో, సరిపోతుంది," అంది మేస్త్రమ్మ.

మేస్త్రమ్మ అన్న ఆ పేరు జట్టులో సామాను మోసే మోత మనుషులిద్దరూ వేళాకోళానికి పెట్టింది. పెట్టినవాళ్ళు మరిచిపోయారు గానీ పేరు నిలిచిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె వేరేవాళ్ళ కింద ఫిట్టరుగా ప్యానెళ్ళు బిగించింది. మేస్త్రీగా ఇదే మొదటి పని. కాంట్రాక్టు తీసుకున్న ఓనరు ఆమెను పనిలో దించేటప్పుడే తేల్చి చెప్పాడు. "సోమవారం పొద్దున చైర్మన్ గారు మీట నొక్కేసరికి గోడ మచ్చ లేకుండా వెలగాలి. వెలిగిందా, ఇక మీదట నీ జట్టు నీదే. లేదా, మళ్ళీ పాత స్పానరే." ఆమెకు ఆ జట్టు కావాలి. ఎంతగా కావాలంటే, ఆ మాట విన్న రోజు నుంచి తల దువ్వుకునేటప్పుడు కూడా ఎవరికి ఏ పని చెప్పాలో అద్దంతో పైకే అంటోంది.

గోడ అంటే నిజం గోడ కాదు. రెండంతస్తుల ఎత్తున్న ఆ లాబీలో, రాతి గోడకి మూరెడు ఎడంగా ఇనుప ఫ్రేమ్ నిలబెట్టి, దాని నిండా ప్యానెళ్ళు బిగిస్తే ఒకే పెద్ద తెర అవుతుంది. దాన్నే ఈ పనివాళ్ళు గోడ అంటారు. ఒక్కో ప్యానెల్ తలుపు రెక్కలో సగం ఉంటుంది. ముఖం నిండా ఆవగింజలో సగం లేని దీపాలు. అంచున ఉన్న దీపాలకి గోరు తగిలినా చాలు, రాలిపోతాయి. పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఇద్దరు ఎత్తాలి, ఒకరు వెనక సందులోంచి నాలుగు లాకులూ తిప్పాలి. తిప్పేదాకా ముందున్నవాళ్ళు చెయ్యి వదలకూడదు.

ఈ పనిలో ఉన్న వాళ్ళందరికీ తెలిసిన నియమం ఒకటుంది. మొదటి ప్యానెల్ కింది వరసలో సరిగ్గా మధ్యన పెట్టాలి. అక్కణ్ణించి అటూ ఇటూ పోవాలి. ప్యానెళ్ళు కాగితం మీద ఉన్నంత కొలతలో ఎప్పుడూ ఉండవు, వెంట్రుకవాసి ఎక్కువే ఉంటాయి. మధ్యన మొదలుపెడితే ఆ పెరిగినదంతా రెండు అంచులకీ చెరి సగం పోతుంది, అంచు పట్టీ కిందకి దూరిపోతుంది, ఎవరికీ కనబడదు. అయితే మధ్యన మొదలుపెడితే ఇద్దరు ఫిట్టర్లు మొదటి రోజంతా భుజం భుజం రాసుకుంటూ నిలబడాలి. ఆ ఇద్దరు ఫిట్టర్లూ ఆమె మొగుడూ, ఆమె తమ్ముడూ.

ఆ బావా బామ్మర్దుల మధ్య మాటల్లేక మూడేళ్ళయింది. ఒకసారి ఒక హాలు కప్పుకి లైట్లు బిగిస్తుంటే తమ్ముడు బావ కాళ్ళ కింది నిచ్చెన పట్టుకుపోయాడు. బావ దూలం పట్టుకుని గబ్బిలంలా వేళ్ళాడాడు. అందరూ నవ్వారు, తమ్ముడూ నవ్వాడు. అంతే సంగతి. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. ఒకే ఇల్లు, కింద మొగుడూ పెళ్ళాం, మేడ మీద గదిలో తమ్ముడు. బావ తిని లేచాక తమ్ముడు మెట్లు దిగుతాడు. మేస్త్రమ్మ ఒకే పూట రెండుసార్లు వడ్డిస్తుంది, ఆఖర్న తను చల్లారింది తింటుంది.

అందుకని లాబీలో కూడా అలవాటు ప్రకారం ఏర్పాటు చేసింది. మొగుడు కుడి అంచు నుంచి, తమ్ముడు ఎడమ అంచు నుంచి. చెరో మోత మనిషి తోడు. ఎవరి వైపు వాళ్ళు కింది నుంచి పైదాకా పూర్తి చేసుకుంటూ మధ్యకి రావాలి. నడుమ ఒక్క నిలువు వరస వదిలెయ్యాలి, దాని సంగతి ఆఖర్న తను చూసుకుంటుంది. కాగితం మీద కూడితే ఆ ఖాళీ సరిగ్గా ఒక ప్యానెల్ వెడల్పు వచ్చింది. లేజర్ గీత ఉంది, కొలత ఉంది, ఏం కాదులే అనుకుంది.

బిల్డింగ్ మేనేజరు రోజుకి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చి మేస్త్రమ్మ పక్కనుంచే నడిచి వెళ్ళి ఆమె మొగుణ్ణి అడిగేవాడు.

"ఎప్పటికవుతుందండీ?"

"అయిపోతుంది సార్, ఆదివారానికి ఖాళీ," అనేవాడు మొగుడు, పెళ్ళాం వంక చూడకుండా. అబద్ధమేం కాదు, ఆమె చెప్పిన లెక్కే అది. అయినా ఆమెకి ఒళ్ళు మండేది. అడిగినవాడి మీద కన్నా జవాబు చెప్పినవాడి మీద ఎక్కువ మండేది.

"మీ ఆయనకి చెప్పక్కా, కుడివైపు కేబుల్ నా దారికి అడ్డం వస్తోంది," అనేవాడు తమ్ముడు ఎడమ నుంచి.

"మీ తమ్ముడికి చెప్పు, కళ్ళు పెట్టుకుని నడిస్తే ఏదీ అడ్డం రాదని," అనేవాడు మొగుడు కుడి నుంచి.

ఇద్దరికీ మధ్య బారెడు దూరం. మేస్త్రమ్మ అటొకసారి ఇటొకసారి తల తిప్పుతూ, విన్న మాటల్లో సగం మింగి సగం చేరవేసేది. అడకత్తెరలో పోకచెక్క బతుకు. మోత మనుషులు మాత్రం సినిమాకి వచ్చినట్టు హాయిగా చూసేవాళ్ళు.

శుక్రవారం మధ్యాహ్నానికి రెండు వైపులా పైదాకా అయిపోయింది. నడుమ ఒక్క వరస ఖాళీ, ఇనుము కనబడుతోంది. మోత మనుషులిద్దరూ అన్నిటికన్నా కింది చోటికి ఒక ప్యానెల్ తెచ్చారు, మేస్త్రమ్మ పక్కన నిలబడి చేతులతో దారి చూపించింది. ప్యానెల్ ఎడమ అంచు లోపలికి వెళ్ళింది. కుడి అంచు వెళ్ళలేదు. వెనక్కి తీసి కుడి అంచు ముందు పెట్టారు. ఈసారి ఎడమది వెళ్ళలేదు.

"ఆపండి, ఆపండి," అంది ఆమె. "కింద పెట్టెయ్యండి."

టేపు తీసి కొలిచింది. ఖాళీ గోరు మందం తక్కువ. మళ్ళీ కొలిచింది. పరంజా ఎక్కి పైన కొలిచింది. అక్కడా గోరు మందమే. వెంట్రుకవాసి వెంట్రుకవాసి రెండు పక్కల నుంచీ పోగై, ఎక్కడా పోవడానికి దారి లేక, మధ్యకొచ్చి కూర్చుంది.

"అక్కా, మీ ఆయన వైపు ఎక్కువొచ్చుంటుంది. ఒకసారి చూడు," అన్నాడు తమ్ముడు.

"మీ తమ్ముడికి రసమట్టం చూడ్డం ఎప్పుడొచ్చిందో అడుగు ముందు," అన్నాడు మొగుడు.

ఆమె ఇద్దరి వైపులా కొలిచింది. ఇద్దరిదీ సరిగ్గానే ఉంది. ఒక్క ప్యానెల్ వంకర లేదు, ఒక్క సందు తేడా లేదు. మూడేళ్ళుగా మొహాలు చూసుకోని మనుషులు ఒకరికి మించి ఒకరు పంతం పట్టి చేశారు. తప్పు పని చేసిన చేతుల్లో లేదు. ఇలా చెయ్యండని చెప్పిన నోట్లో ఉంది.

మేనేజరు వచ్చాడు, ఖాళీ చూశాడు, మొగుడి మొహం చూశాడు, పక్కకి వెళ్ళి ఫోన్ చేశాడు. కాసేపటికే మేస్త్రమ్మ ఫోన్ మోగింది. ఓనరు.

"ఏంటమ్మా ఇది? మధ్య వరస దూరట్లేదట!"

"అవును సార్. గోరు మందం—"

"నెట్టండి మరి!"

"నెడితే అంచు దీపాలు రాలతాయి సార్. నడి మధ్యన నల్ల గీత పడుతుంది."

ఓనరు అవతల ఊపిరి వదిలాడు. "సరే, విను. ఒక వైపు విప్పి పక్కకి జరపండి. అంచున కాస్త బయటికి కనబడితే కనబడనీ, మధ్యన గీత కన్నా నయం. మీ తమ్ముడి వైపు విప్పండి. మేనేజరుకి నేను చెప్తాను, కొత్త ఫిట్టరు తప్పు చేశాడు, పనిలోంచి తీసేశాం అని. వాళ్ళకి ఎవడో ఒకడి తల చూపిస్తే చాలు. నీ మేస్త్రీ పని నీకుంటుంది. అర్థమైందా?"

"తమ్ముడిది తప్పు కాదు సార్."

"ఎవరిదని నేను అడగలేదమ్మా," అని పెట్టేశాడు.

స్పీకరు ఆన్‌లో లేదు గానీ ఓనరుది మామూలు గొంతు కాదు. పక్కనున్న మొగుడికి అంతా వినబడింది. పరంజా మీదున్న తమ్ముడికీ వినబడింది.

"అదే మంచిది," అన్నాడు మొగుడు, గొంతు తగ్గించి. "వాడికి ఇంకో చోట పని దొరుకుతుంది. నీకు పేరు పోతే మళ్ళీ రాదు. వాడి మీద కోపంతో చెప్తున్నానని అనుకోకు."

అతను నిజంగానే కోపంతో చెప్పలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధ కలిగించింది. ఆమె మంచి కోరే మనిషి, ఎంత తేలిగ్గా అన్నాడో.

తమ్ముడు పరంజా దిగాడు. గ్లోవ్స్ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకు తెలుసక్కా," అన్నాడు. "ఎక్కడ ఏం జరిగినా ఆఖరికి నా నెత్తికే వస్తుంది." ముప్ఫై దాటినవాడు, ఆ మాట చిన్నప్పుడు బలపం విరిగిందని చెప్పినప్పటి గొంతుతో అన్నాడు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ పూట ఇంట్లో మొగుడు తిని లేచాడు. మేస్త్రమ్మ రెండోసారి కంచం కడిగి, పీట వాల్చి, మెట్ల వైపు చూస్తూ కూర్చుంది. తమ్ముడు దిగలేదు. మేడ మీద గదిలో లైటు వెలుగుతూనే ఉంది. పిలిచింది, పలకలేదు. కంచం తనే పైకి పట్టుకెళ్దామని లేచి, మెట్ల దాకా వెళ్ళి, మొదటి మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయింది.

చేతిలో కంచం. కింద తిన్న మొగుడు, పైన అలిగిన తమ్ముడు, మధ్యలో తను. ఎన్నిసార్లు ఇలా నిలబడింది! ఇల్లు ప్రశాంతంగా ఉండాలని అటొకణ్ణీ ఇటొకణ్ణీ కూర్చోబెట్టి, నడుమ చోటు ఖాళీగా ఉంచి, దాని సంగతి ఆఖర్న తను చూసుకోవచ్చు అనుకుంది. ఇంట్లో నడిచింది కదా అని లాబీలోనూ అదే చేసింది. ఫ్రేమ్ ఎలా ఉందో చూసి ప్లాను వెయ్యలేదు, ఆ ఇద్దరి మొహాలు చూసి వేసింది. ఆమెకి ఏడుపు రాలేదు, గట్టి కోపం వచ్చింది. ముందు తన మీద, తరవాత వాళ్ళిద్దరి మీద. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. తను ఇంట ఎన్నడూ గెలవలేదు, ఊరికే సర్దింది.

మెట్టు మీంచి కాలు తీసి, వంటింట్లోకి వెళ్ళి, ఆ కంచంలో తనే తినేసింది. వేడిగానే ఉంది.

శనివారం సెలవైనా మేనేజరు వచ్చాడు. పొద్దున్నే ఆమె అతని గది ముందు నిలబడింది. మేనేజరు తలెత్తి, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూశాడు, వెనక మొగుడు వస్తాడేమోనని.

"ఎవరూ రావట్లేదు సార్. నేనే మాట్లాడాలి," అంది. "గోడ మొత్తం విప్పేస్తున్నాం. రెండు వైపులా."

"మొత్తమా! మీ ఓనరు ఒక వైపే అన్నాడే. ఎవరో కొత్తవాడు పాడుచేశాడని, వాణ్ణి పంపించేశారని."

"ఎవరూ పాడుచెయ్యలేదు సార్. రెండు చివర్ల నుంచి మొదలుపెట్టమని చెప్పింది నేను. మధ్య నుంచి మొదలుపెట్టాలని నాకు తెలుసు, తెలిసీ చెప్పాను. ఒక వైపే జరిపితే ఆ అంచున పట్టీ చాలక ఇనుము బయటికి కనబడుతుంది. రోజూ మీ రిసెప్షన్ అమ్మాయి దాన్నే చూస్తూ కూర్చోవాలి. మధ్య నుంచి మళ్ళీ పెడితే ఏ గీతా ఉండదు."

"సోమవారానికి అవ్వకపోతే?"

"అప్పుడు ఓనరు గారు నా తల చూపిస్తారు. అదిక్కడే ఉంది, ఎక్కడికీ పోదు."

మేనేజరు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అతనూ ఉద్యోగస్తుడే, అతని పైనా ఒకడుంటాడు. "నాకేం తెలియదమ్మా. సోమవారం పొద్దున వెలగాలి," అన్నాడు. అతను ఆమెతో నేరుగా మాట్లాడడం ఆ పొద్దునే మొదలు.

ఓనరుకీ ఫోన్ చేసి అదే మాట చెప్పింది. ఓనరు తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. "నీకు బతకడం తెలీదు. ఈ గోడ అయ్యాక మేస్త్రీ సంగతి మర్చిపో. వచ్చే పనికి మీ ఆయన్ని పెడతాను," అన్నాడు.

"వచ్చే పని సంగతి తరవాత సార్. ఈ గోడ నాది," అంది.

ఫోన్ పెట్టేసింది. జట్టు పోయింది. ఒక్క రోజులో చేతికొచ్చినట్టే వచ్చి పోయింది. పంపు దగ్గర మొహం కడుక్కుని, జుట్టు గట్టిగా ముడేసుకుని, తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, తప్పు నాదని చెప్పేశాను. నువ్వు వచ్చి పని చేస్తున్నావ్. వస్తావా అని అడగట్లేదు." తమ్ముడు వచ్చాడు. మొహం గంటు పెట్టుకునే వచ్చాడు గానీ వచ్చాడు.

శని, ఆది వారాలు ఆఫీసుకి సెలవు. లాబీ ఖాళీగా ఉంది. ప్యానెళ్ళు ఒక్కొక్కటే దించి అట్టల మీద వరసగా నిలబెట్టారు. కట్టిన చేతులతోనే విప్పాల్సి వచ్చింది. మోత మనుషులకి కూడా నవ్వాలనిపించలేదు. శనివారం మధ్యాహ్నానికి ఫ్రేమ్ మళ్ళీ బోసిపోయి నిలబడింది. మేస్త్రమ్మ దారం లాగి, కింది పట్టీ మీద సరిగ్గా మధ్యన పెన్సిల్‌తో గీత గీసింది.

"ఏమండీ, ఇటు రండి. ఒరేయ్, నువ్వూ రా. మొదటి ప్యానెల్ మీరిద్దరూ పట్టుకోండి."

ఇద్దరూ కదల్లేదు.

"మోతవాళ్ళున్నారుగా," అన్నాడు మొగుడు.

"వాళ్ళు కేబుళ్ళు సర్దుతున్నారు."

"అక్కా, నేను ఎడమ—"

"నేను అడగలేదురా. పట్టుకోమన్నాను."

ఆ గొంతు ఆ ఇద్దరూ అంతకు ముందు వినలేదు. మొగుడు ఒక పక్క, తమ్ముడు ఒక పక్క వంగి ప్యానెల్ ఎత్తారు. నడుము ఎత్తున, గీతకి సరిగ్గా తెచ్చి ఆనించారు. మేస్త్రమ్మ వెనక సందులోకి పక్కవాటుగా దూరింది. చేతికి లాకు తగిలింది. తిప్పలేదు.

"ఇటు వైపు కాస్త పైకి," అంది వెనకనుంచి.

"ఎటు వైపు?"

"నాకు మీరిద్దరూ కనబడట్లేదు. మీలో మీరు చూసుకోండి."

ప్యానెల్ బరువు చేతుల్లోకి దిగుతున్న కొద్దీ ముందున్న ఊపిరులు పెద్దవయ్యాయి.

"నీ వైపే కిందికుంది," అన్నాడు మొగుడు చివరికి, గాలితో అన్నట్టు.

"నా వైపు సరిగ్గానే ఉంది. నువ్వే ఎక్కువ ఎత్తావ్."

"ఎత్తక ఏం చెయ్యను! నువ్వు ఎప్పుడు వదిలేసి పోతావో తెలీదుగా."

"ఏంటి బావా ఆ మాట?"

"ఏంటో నీకు తెలీదా? మనిషి పైనుండగా నిచ్చెన లాక్కుపోయినవాడివి, ప్యానెల్ ఒక లెక్కా?"

"చెప్పే తీసుకెళ్ళాను! ఒక్క నిమిషం బావా అని చెప్పాను!"

"ఎవరికి చెప్పావ్? దూలానికా?"

"నువ్వు ఊఁ అన్నావ్!"

"నోట్లో మేకులున్నాయిరా! మేకులు పెట్టుకున్నవాడు ఏది అడిగినా ఊఁ అనే అంటాడు!"

మోత మనుషులు కేబుళ్ళు వదిలేసి దగ్గరికొచ్చి నిలబడ్డారు. లాబీ అంతా ఆ ఇద్దరి గొంతులే. ఇంట్లో అయితే ఒకడు తలుపు ధడేల్మని వేసి బయటికి పోయేవాడు, ఇంకొకడు మెట్లెక్కేసేవాడు. ఇక్కడ పోవడానికి లేదు. చెయ్యి వదిలితే మొత్తం దీపాలు నేల మీద రాలతాయి.

"లాకు తిప్పవేమే?" అని అరిచాడు మొగుడు.

"బిగుసుకుపోయింది. మీరు కానివ్వండి," అంది మేస్త్రమ్మ వెనకనుంచి. లాకు వెన్నలా తిరుగుతోంది.

"నవ్వావురా నువ్వు," అన్నాడు మొగుడు. ఈసారి గొంతు తగ్గింది. "నేను చేతులు జారి చస్తాననుకుంటుంటే, కింద నిలబడి నవ్వావు. మిగతావాళ్ళు నవ్వారంటే సరే. నువ్వు నవ్వావు."

తమ్ముడు ప్యానెల్ కింద చెయ్యి సర్దుకున్నాడు.

"భయమేసింది బావా," అన్నాడు. "పరిగెత్తుకొచ్చాను నిచ్చెన తీసుకుని. నువ్వు బతికే ఉన్నావని చూశాక నవ్వొచ్చేసింది. ఆగలేదు. నీ లుంగీ..."

"లుంగీ సంగతి ఎత్తకు."

"ఎత్తను."

"చేతులు పడిపోతున్నాయిరా."

"నావి పడిపోయి చాలాసేపైంది. నీ వైపు కాస్త దించు బావా, సరిపోతుంది."

మొగుడు దించాడు. మేస్త్రమ్మ సందులో, చీకట్లో, ఇనుముకి నుదురు ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎంత తేలిక! ఇన్నేళ్ళు ఈ బరువు వాళ్ళ చేతుల్లో పెట్టకుండా తనే మోసింది. నాలుగు లాకులూ ఒకదాని తరవాత ఒకటి తిప్పింది.

ఆ తరవాత పని ఆగలేదు. గోడ మధ్య నుంచి అటూ ఇటూ పెరిగింది. బావా బామ్మర్దులు ప్రేమగా ఏం ఉండలేదు, ప్రతి ప్యానెల్‌కీ ఒకటి అనుకున్నారు. కానీ ఒకరితో ఒకరు అనుకున్నారు, ఆమెతో కాదు. ఆదివారం పొద్దు వాలే వేళకి ఆఖరి ప్యానెళ్ళు రెండు అంచులా పడ్డాయి, పెరిగిన వెంట్రుకవాసి పట్టీ కిందకి దూరిపోయింది. కరెంటు ఇచ్చి ముందు ఎరుపు, తరవాత పచ్చ, తరవాత నీలం, ఆఖర్న తెలుపు వేసి చూశారు. తెలుపులోనే లోపాలన్నీ బయటపడతాయి. మేస్త్రమ్మ లాబీ ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి చూసింది. గోడ మొత్తం ఒక్క తెల్ల గుడ్డ ఆరేసినట్టు ఉంది. ఆమెకి ఏడుపు వచ్చింది, తుడుచుకోలేదు.

సోమవారం చైర్మన్ గారు రావడానికి ఇంకా టైముందనగా ఓనరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. గోడ ముందు అటూ ఇటూ నడిచాడు, మధ్యన ఆగి కళ్ళు చికిలించి చూశాడు, అంచు దగ్గర వంగి చూశాడు. తప్పు దొరకనందుకు కాస్త నిరుత్సాహపడ్డట్టే కనిపించాడు. తరవాత మొగుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"వచ్చే వారం ఇంకో పని ఉంది. ఇంతకు రెండింతలు. నువ్వే మేస్త్రీవి, మీ ఆవిడతో చెప్పేశాను కూడా."

మొగుడు మేస్త్రమ్మ వంక చూశాడు. కాదనలేదు. కాదంటాడేమోనని ఆమె మనసులో ఏ మూలో ఎదురుచూసింది, ఎదురుచూసినందుకు తనకే సిగ్గేసింది. మాట్లాడింది తమ్ముడు.

"బావ మేస్త్రీనా? అయితే నేను రాను."

"రాకు! ఎవడు రమ్మన్నాడు?" అన్నాడు మొగుడు.

"నువ్వు మేస్త్రీవైతే మధ్యన గీత కాదు, కిటికీయే వస్తుంది."

"నీ బోడి మొహం! నీ వైపు చివరి ప్యానెల్ నేను సర్దకపోతే—"

"నువ్వు సర్దావా? నువ్వా?"

మూడేళ్ళ మాటలు బాకీ ఉన్నాయేమో, ఇద్దరూ ఒక్కసారే తీర్చుకుంటున్నారు. మేనేజరు రిసెప్షన్ దగ్గర్నుంచి కంగారుగా చూస్తున్నాడు. ఓనరు గాభరాపడి ఇద్దరి మధ్యా చేతులు అడ్డం పెట్టి, మేస్త్రమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, వద్దులే. వచ్చే పనికీ నువ్వే ఉండు. వీళ్ళిద్దర్నీ పట్టడం నీ వల్ల తప్ప ఎవరి వల్లా కాదు."

అద్దంతో మాట్లాడుకున్నన్ని రోజులూ ఆమె ఎదురుచూసింది ఈ కబురు కోసమే. తీరా వచ్చింది, ఇలా వచ్చింది.

"గోడ చూశారుగా సార్. గీత ఎక్కడైనా కనబడిందా?"

"లేదమ్మా, బాగుంది."

"మేస్త్రీ పని దానికిస్తే తీసుకుంటాను. వీళ్ళని పట్టుకుంటానని ఇస్తే నాకొద్దు."

ఓనరు వాచీ చూసుకున్నాడు. "సరే తల్లీ, గోడకే ఇస్తున్నాను. చాలా?"

"జట్టు నేనే ఎంచుకుంటాను."

"ఎంచుకో."

"మోతవాళ్ళిద్దరూ నాతో వస్తారు. ఇద్దరు ఫిట్టర్లు కావాలి. మీ పాత సైట్ల నుంచి పంపండి, నేను చూసి తీసుకుంటాను."

"ఇంకో ఇద్దరెందుకు? వీళ్ళున్నారుగా."

"వీళ్ళు వద్దు సార్."

"అదేంటే!" అన్నాడు మొగుడు. "అదేంటక్కా!" అన్నాడు తమ్ముడు. ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది.

ఆమెకి వాళ్ళ మీద కోపం లేదు. నిన్నటి దాకా ఉన్నది కూడా ఇప్పుడు లేదు. "మీరిద్దరూ మంచి పనివాళ్ళు," అంది. "అబద్ధం చెప్పను, మీ అంత శుభ్రంగా బిగించేవాళ్ళు నాకు దొరకరు. కానీ మీ ఇద్దర్నీ ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలా అని చూస్తుంటే, నాకు గోడ కనబడట్లేదు."

మొగుడి మొహం ఎర్రబడి, తరవాత మెల్లగా మామూలైంది. అతని మనసు నొచ్చిందని ఆమెకి తెలుసు. ఆ నొప్పిని తగ్గించే మాట ఒకటి నాలుక చివర దాకా వచ్చింది. అనలేదు.

బయట కార్లు ఆగిన చప్పుడైంది. మేనేజరు చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. మేస్త్రమ్మ తన సామాను సంచీ భుజాన వేసుకుని, పక్క తలుపు దగ్గర నిలబడ్డ మోత మనుషుల వైపు నడిచింది.

"ఏం చేద్దాంరా?" అన్న మొగుడి గొంతు వెనక వినబడింది.

"ఏం చేస్తాం బావా. నువ్వే చెప్పు."

"నాకేం తోచట్లేదు. మీ అక్కని అడుగు."

"నువ్వే అడుగు, మీ ఆవిడేగా."

మూడేళ్ళ అలవాటు, మెడ దానంతటదే వెనక్కి తిరగబోయింది. మేస్త్రమ్మ తిరగలేదు. మోత మనుషులతో వచ్చే వారం ఎక్కడికి రావాలో చెప్పసాగింది.